ఈ మాట ఎవరి ఒంటికి తగులుతుంది?

మాటలకి ముక్కూ చెవులూ చర్మమూ ఉంటాయా అని అడిగితే మన తెలుగు శాఖల్లో అలంకారశాస్త్రం పుస్తకం తీస్తారు. మనస్తత్వశాస్త్రం వాళ్ళు మాత్రం కూర్చుని లెక్కపెట్టారు. 2017లో లారా స్పీడ్, ఆసిఫా మజీద్ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు నెదర్లాండ్స్‌లో 485 డచ్చి నామవాచకాలతో ఒక పట్టిక ప్రచురించారు. డచ్చి మాట్లాడేవాళ్ళ ముందు ఒక్కో మాటా పెట్టి, ఈ మాట చెప్పే దాన్ని మీరు ఎంతవరకు చూపుతో తెలుసుకుంటారు, ఎంతవరకు వినికిడితో, స్పర్శతో, రుచితో, వాసనతో తెలుసుకుంటారు అని అడిగి అంకెలు వేయించుకున్నారు. ఇంగ్లీషులో ఈ పని ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 2020 నాటికి సుమారు 40 వేల మాటలకి ఇలాంటి లెక్కలు వచ్చాయి. అందులో ఐదు ఇంద్రియాలకి తోడు, ఒంటి లోపల కలిగే ఆకలి, నొప్పి, దడ లాంటి వాటిని ఆరో ఇంద్రియంగా చేర్చారు. ఇలాంటి పట్టికల్లో మాటిమాటికీ తేలేది చూపుదే పెత్తనమని. వాసన చివర ఎక్కడో ఉంటుంది.

ఇలాంటి పట్టిక తెలుగుకి కూడా కావాలని ఈ మధ్య సెమినార్లలో వింటున్నాను. కంప్యూటర్‌కి తెలుగు నేర్పాలనే ఉత్సాహం ఒక కారణం, పాశ్చాత్య పద్ధతి మీద మోజు ఇంకో కారణం. కావాలి, నేనూ కాదనను. కానీ నా ప్రశ్న ఒక్కటే. ఎవర్ని కూర్చోబెట్టి అడుగుతారు? ఇలాంటి అధ్యయనాలకి ఎక్కడైనా సులువుగా దొరికేది విశ్వవిద్యాలయం చుట్టూ ఉండే చదువుకున్న యువతీయువకులే. మాటకీ ఇంద్రియానికీ మధ్య ఒక ఒళ్ళు ఉంటుంది. ఆ ఒంటికి ఒక పని ఉంటుంది, కులం ఉంటుంది, ఆడో మగో అన్న లెక్క ఉంటుంది. దాన్ని వదిలేసి వేసిన అంకె ఏ భాషలోనైనా సగం అబద్ధమే. తెలుగులో అయితే ముప్పాతిక అబద్ధం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

డచ్చివాళ్ళు మనకి కొత్తేమీ కాదు. 1605-06లో మచిలీపట్నంలో దిగి గిడ్డంగి పెట్టుకున్నారు. పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం దాకా పాకారు. 1824 ఒప్పందంతో మిగిలిన స్థావరాలు ఆంగ్లేయులకి వదిలేసి పోయారు. బందరులో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళు మన తీరం నుంచి పట్టుకెళ్ళింది అద్దకం బట్ట. మనం చీటీ గుడ్డ అన్నదాన్ని వాళ్ళు 'సిట్స్' అన్నారు. ఆ మాట వాళ్ళకి కంటికి సంబంధించిందే: పువ్వు, లత, ఎరుపు, నీలం. అదే బట్ట పెడనలోనో బందరులోనో తయారుచేసే చేతులకి ముందు తెలిసేది కరక్కాయ వగరు, పటిక జిడ్డు, కాగే రంగునీళ్ళ ఆవిరి, పారే నీళ్ళలో బట్ట జాడించీ జాడించీ నానిపోయిన వేళ్ళు. ఒకే వస్తువు. కొన్నవాడికి చూపు, చేసినవాళ్ళకి తక్కిన నాలుగూ. డచ్చి పట్టికలో చూపు పెత్తనం చెయ్యడం వెనక మనిషి కన్ను గొప్పతనం ఎంతుందో, కొనేవాడి స్థానం ఎంతుందో తేల్చకుండా దాన్ని ప్రకృతి సత్యం అనడానికి లేదు.

మరి వాళ్ళు మనకిచ్చిన మాట? కక్కూసు. డచ్చి 'కాక్‌హౌస్' నుంచి తమిళానికీ సింహళానికీ తెలుగుకీ వచ్చిందని భాషాశాస్త్రజ్ఞులు చెప్పే వ్యుత్పత్తి. ఇప్పుడు మర్యాదస్తులు బాత్‌రూమ్ అంటున్నారు గానీ, నా చిన్నప్పుడు బెజవాడ ఇళ్ళలో ఆ మాటే వాడేవాళ్ళు. ఈ మాట ఏ ఇంద్రియానిది? లోపలికెళ్ళి ఐదు నిమిషాల్లో బయటికొచ్చేవాడికి అది ఒక గది. నెత్తిన తట్ట పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పొడి మరుగుదొడ్లు ఎత్తిన స్త్రీకి అది వాసన, స్పర్శ, మెడ నొప్పి, తిండి సహించకపోవడం. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొక చట్టం ఆ పనిని నేరం అన్నాయి. ఆ పని చేసిన కులాల స్త్రీలు కూడా తెలుగు మాట్లాడేవాళ్ళే కదా. వాళ్ళు వేసే అంకెనీ, ఆ ఇంటి యజమాని వేసే అంకెనీ కలిపి రెండుతో భాగిస్తే వచ్చేది ఎవరి తెలుగు?

స్పర్శ సంగతి చూద్దాం. తెలుగులో తాకడానికి పాత, అచ్చమైన మాటలు రెండు: ముట్టు, అంటు. వీటికి ఏం గతి పట్టిందో గమనించండి. ముట్టు అంటే తాకడం. నామవాచకంగా ముట్టు అంటే నెలసరి. అంటు అంటే అంటుకోవడం, తగలడం. అదే మాట మైల, అంటరాని అనే మాటకి మొదలు. తిన్న కంచాలూ వండిన గిన్నెలూ అంట్లు. అంటే ఈ భాషలో స్పర్శ అనే ఇంద్రియానికున్న ముఖ్యమైన మాటలు మూడు చోట్లకి పోయి చేరాయి: ఆడదాని రక్తం, దళితుల ఒళ్ళు, ఎంగిలి గిన్నెలు. ఇది యాదృచ్ఛికం అని ఎవరైనా అంటే ఏ సమాజంలో బతుకుతున్నారో అడగాలి. డచ్చి వాడు స్పర్శ అనగానే మెత్తన, గరుకు, వెచ్చన అని ఆలోచిస్తాడేమో. తెలుగులో స్పర్శ అనగానే మొదట వచ్చే ప్రశ్న, తాకొచ్చా కూడదా. తాకితే ఎలా ఉంటుందన్నది ఆ తర్వాతి సంగతి.

'ముట్టు' అనే మాటని అంకెల పట్టికలో పెట్టండి. చూపుకి ఎంత, స్పర్శకి ఎంత, వాసనకి ఎంత? మగవాడు ఏం వేస్తాడు? పదమూడేళ్ళ పిల్ల ఏం వేస్తుంది? మూడు రోజులు పెరట్లో చాప మీద పడుకున్న అమ్మమ్మ ఏం వేస్తుంది? ముట్టు వచ్చిన రోజు కూడా సెలవు లేకుండా మోకాళ్ళ లోతు బురదలో వంగి నాటు వేసిన కూలిమనిషి ఏం వేస్తుంది? ఈ చివరి ఇద్దరి మధ్య కూడా ఒక గోడ ఉంది. 'బయట ఉండటం' అనే విశ్రాంతి లాంటి శిక్ష ఒకరిది, ఆ శిక్ష కూడా దక్కని కూలి ఇంకొకరిది. ఒకే మాట, నాలుగు ఒళ్ళు. సగటు తీస్తే నలుగురూ మాయమవుతారు.

ఇక ముక్కు. ముక్కు విషయంలో పడమటి శాస్త్రం చాలాకాలం ఒక మాట నమ్మింది. మనుషులకి వాసనలకి పేర్లు పెట్టడం చేతకాదని, ఏ భాషలోనైనా వాసన అంటే 'ఫలానా వస్తువు లాంటి వాసన' అనడమే తప్ప విడి మాటలుండవని. ఈ నమ్మకాన్ని బద్దలుకొట్టింది కూడా పైన చెప్పిన ఆసిఫా మజీదే. మలయా ద్వీపకల్పం అడవుల్లో వేట, సేకరణ మీద బతికే జహాయ్ ప్రజలతో ఆమె, నిక్లాస్ బురెన్‌హుల్ట్ కలిసి చేసిన పరిశోధన 2014లో వచ్చింది. రంగుల పేర్లు చెప్పినంత సులువుగా జహాయ్‌లు వాసనల పేర్లు చెప్పారు. 2018లో వాళ్ళని డచ్చివాళ్ళతో పోల్చి చూశారు. ఒకే వాసన చూపిస్తే జహాయ్‌లు టక్కున ఒక్క మాటలో చెప్పారు. డచ్చివాళ్ళు చాలాసేపు తడుముకుని, నిమ్మకాయలానో ఇంకేదోలానో ఉందన్నారు. అదే ఏడాది 20 భాషల మీద వచ్చిన మరో అధ్యయనం, చూపే అన్నిటికన్నా పైనుంటుందన్న అంతస్తుల లెక్క అన్ని భాషలకీ చెల్లదని తేల్చింది.

దీన్ని చదివి ఆశ్చర్యపోయిన తెలుగు పండితులు ఒక్కసారి వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి అడిగి ఉంటే సరిపోయేది. కమురు వాసన ఏ ఒక్క వస్తువుదీ కాదు. నూనె మాడినా, వెంట్రుక కాలినా కమురే. నీచు ఒక్క చేపది కాదు. కోడిగుడ్డుదీ నీచే, సరిగా తోమని గిన్నెదీ నీచే. ముక్కిన బియ్యానికి ఒక వాసన, మాడిన అడుగుకి ఒకటి, పచ్చివాసన పోయిందా లేదా అన్నది ఇంకొకటి. మసాలా వేగిందో లేదో, పిండి పులిసిందో పాడయిందో, పసిపిల్లకి జ్వరం తగిలిందో లేదో ముక్కుతో కనిపెట్టాల్సిన బాధ్యత ఈ ఇళ్ళలో ఆడవాళ్ళది. చేతిలో ఆ బాధ్యత ఉన్నవాళ్ళ నోట్లో దానికి సరిపడా మాటలుంటాయి.

మరి మన సాహిత్యం ఈ ముక్కుని ఏం చేసింది? కావ్యాల్లో వాసనకి మాటలు లేకపోలేదు. తావి, నెత్తావి, వలపు. అన్నీ పువ్వులవీ, ఆడవాళ్ళ జడలవీ. కామశాస్త్రాలు ఇంకో అడుగు ముందుకేసి స్త్రీలని పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని అని విడదీసి, ఒక్కో జాతికీ ఒక్కో ఒంటి వాసన అంటగట్టాయి. వందల ఏళ్ళ పాటు తెలుగు సాహిత్యంలో ఆడది వాసన వచ్చే వస్తువు. వాసన చూసే మనిషి కాదు. ముక్కు మగకవిది, గంధం నాయికది. పొయ్యి దగ్గర కమురు వాసన పసిగట్టి దించిన ముక్కుకి ఏ లాక్షణికుడూ పేరు పెట్టలేదు.

నీచు దగ్గర ఇంకొంచెం ఆగాలి. నీచు అనే వాసన పేరూ, నీచం అనే తిట్టూ చెవికి ఒకటిగానే వినపడతాయి. ఆ వినపడటాన్ని మన సమాజం బాగా వాడుకుంది. 'మేం నీచు తినం' అన్న మాటలో తిండి కన్నా కులమే ఎక్కువ. ఇల్లు అద్దెకి అడగడానికి వెళ్ళినప్పుడు బెజవాడలో నన్ను 'నీచు వండుతారా' అని అడిగిన ఇంటివాళ్ళున్నారు. అది వంట గురించిన ప్రశ్న కాదని అడిగినవాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువులు, రొయ్యల చెరువులు వరిపొలాల్ని మింగేశాక ఆ సంపద ఎవరి మేడల్లోకి పోయిందో అందరికీ తెలుసు. ఆ మేడకి నీచు వాసన రాదు. షెడ్లలో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళ చేతులకి మాత్రం ఎంత సబ్బు రుద్దినా పోదు. డబ్బు వచ్చే దగ్గర వాసన ఉండదు, చేతికి తగిలే దగ్గరే ఉంటుంది. ఈ మాటకి అంకె వెయ్యమని చెరువు యజమానినీ, రొయ్య ఒలిచే మనిషినీ వేర్వేరుగా అడగండి. రెండు అంకెల మధ్య తేడాయే అసలు పరిశోధన.

చెవి విషయంలో మనవాళ్ళు ఇంకో తప్పు పేరు పెట్టారు. గలగల, సలసల, తళతళ లాంటి మాటలన్నిటినీ ధ్వన్యనుకరణాలు అన్నారు. నీళ్ళు సలసల కాగుతాయంటే సరే, చప్పుడుంది. తళతళ మెరిసే బిందెకి చప్పుడెక్కడుంది? మిలమిలకి, ధగధగకి? పులుసు ఘుమఘుమలాడితే అది వాసన. ఒళ్ళు చిమచిమలాడితే అది స్పర్శ. గుండె గుబగుబలాడితే అది భయం. కడుపు నకనకలాడితే అది ఆకలి. 1969లో ఎమెనో అనే భాషాశాస్త్రజ్ఞుడు ఇలాంటి మాటలు భారతదేశ భాషలన్నిటికీ ఉమ్మడి లక్షణమని రాశాడు. నెదర్లాండ్స్‌లోనే పనిచేసే మార్క్ డింగెమాన్స, ఘనాలోని సివు భాషని పరిశీలించి, ప్రపంచ భాషల్లో ఈ మాటలకి ఒక మెట్ల వరస ఉందని 2012లో ప్రతిపాదించాడు. కొన్ని భాషల్లో ఇవి చప్పుడు దగ్గరే ఆగిపోతాయి, కొన్నిటిలో కదలికకీ, కనపడే ఆకారాలకీ, తక్కిన ఇంద్రియాలకీ, చివరికి మనసు లోపలి స్థితులకీ పాకుతాయి. తెలుగు ఆ చివరి మెట్టు దాకా ఎక్కింది. సలసల నుంచి గుబగుబ దాకా మనకి అన్నీ ఉన్నాయి. ఇంత సంపద ఉన్న భాషలో వీటి గురించి బళ్ళో చెప్పేది ఏమిటి? జంటపదాలు, రెండు మార్కుల ప్రశ్న.

ఎందుకింత చులకన? ఇవి పిల్లలతో మాట్లాడే మాటలు, ఆడవాళ్ళ మాటలు, చదువు రానివాళ్ళ మాటలు అన్న అభిప్రాయం వల్ల. పనిలో ఇవి ఏం చేస్తాయో చూస్తే ఆ చులకన నిలవదు. నీళ్ళు సలసల, అన్నం కుతకుత, పప్పు తుకతుక, ఆవాలు చిటపట, తాళింపు చుయ్యి. వంట చేసే మనిషి కూర తరుగుతూ, పిల్ల జడ అల్లుతూ, వీపు పొయ్యి వైపు పెట్టి కూడా ఏ గిన్నెలో ఏ దశ నడుస్తోందో చెవితో చెప్పగలదు. ఇవి కొలమానాలు. ప్రయోగశాలలో ఉష్ణమాపకం చేసే పని ఇక్కడ కుతకుత చేస్తుంది. అరిసెలకి తీగపాకమో ముదురుపాకమో రెండు వేళ్ళ మధ్య సాగదీసి చెప్పడమూ అంతే. అదే మాటలు సినిమా పాటలోకి పోతే ఏమవుతాయి? గాజులు గలగల, అందెలు ఘల్లుఘల్లు, నవ్వులు కిలకిల. చప్పుడు చేసేది ఆడది, వినేది మగవాడు. జ్ఞానంగా ఉన్న మాటని అలంకారంగా దించడం అంటే ఇదే.

నకనక గురించి ఒక్కమాట. ఒంటి లోపలి ఇంద్రియాన్ని లెక్కలో చేర్చడానికి పడమటి పట్టికలకి చాలాకాలం పట్టింది. అందరికీ వడ్డించి, అడుగు బొడుగు చివర్న తినే ఆడవాళ్ళున్న భాషకి ఆ ఇంద్రియం పేరు ఎప్పట్నుంచో తెలుసు.

ఇంతవరకు చెప్పిందంతా నిఘంటువుల గొడవే కదా, దీనివల్ల ఎవరి ప్రాణం పోతుందని అడగొచ్చు. కాబట్టి నొప్పి గురించి చెప్తాను.

1975లో రోనాల్డ్ మెల్జాక్ అనే శాస్త్రవేత్త నొప్పిని అడిగి తెలుసుకోవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. మెక్‌గిల్ ప్రశ్నావళి అంటారు. అందులో నొప్పిని వర్ణించే 78 ఇంగ్లీషు మాటలు 20 గుంపులుగా ఉంటాయి. రోగి ఎంచుకున్న మాటని బట్టి నొప్పి స్వభావాన్ని అంచనా వేస్తారు. దాని వెనకున్న ఆలోచన చాలా గౌరవించదగ్గది. నొప్పి ఎంత అన్నది ఒక్కటే చాలదు, ఎలాంటిది అన్నది రోగి మాటల్లోనే వినాలి. డచ్చివాళ్ళు తమ భాషకి తగ్గట్టు తమ ప్రశ్నావళి తయారుచేసుకున్నారు.

తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. పోటు, సలుపు, తీపులు, మంట, తిమ్మిరి, నస. నడుం పీకుతుంది, కాళ్ళు లాగుతాయి, పిక్క పట్టేస్తుంది, పక్కలో కలుక్కుమంటుంది, పొత్తికడుపు మెలిపెడుతుంది, పుండు సలుపుతుంది, వేళ్ళ సందులు ఒరిసిపోతాయి, కింద ఏదో జారినట్టుంటుంది. గుడివాడ వైపు పల్లెల్లో నాట్ల పాటలు సేకరిస్తూ తిరిగిన రోజుల్లో నేను విన్న మాటల్లో కొన్ని ఇవి. ఒక్కో మాటా ఒక్కో సంగతి చెప్తుంది. జారినట్టుండడం గర్భసంచి జారడానికి సూచన కావచ్చు. ఒంటికి వెళ్ళేటప్పుడు మంట ఇన్‌ఫెక్షన్‌కి సూచన కావచ్చు. మెలిపెట్టడం వేరు, పోటు వేరు. వీటిని విడదీసి చెప్పే స్త్రీ డాక్టరు పనిలో సగం ముందే చేసి పెడుతోంది.

మా పెద్దమ్మతో కలిసి ఒకసారి ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాను. ఆమె వరసగా చెప్పింది: పొత్తికడుపులో మెలిపెడుతోందని, నడుం పీకుతోందని, నించుంటే కింద బరువు దిగినట్టుందని, పడుకుంటే తగ్గుతోందని. కాగితం మీద పడింది ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట, కడుపునొప్పి. మందులతో పాటు, ఇంక పిల్లలు కనేది లేదు కదా, తీయించేసుకుంటే పోతుంది అన్న సలహా. బయటికొచ్చాక పెద్దమ్మ అడిగింది, "ఇన్ని చెప్పానా, ఒక్క ముక్కే రాసుకున్నాడేమే?" మరో చోట వేరే డాక్టరమ్మ అవే మాటలు ఓపిగ్గా వింటే ఆపరేషన్ లేకుండానే నడిచింది. మా పెద్దమ్మకి తోడు వెళ్ళడానికి చదువుకున్న మనిషి ఉంది, రెండో చోట ఫీజు కట్టడానికి డబ్బుంది. అందరికీ ఉండవు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమంది, దేశంలోకెల్లా ఎక్కువ. దేశవ్యాప్తంగా సగం కన్నా ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం, నొప్పి. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. దీనికి భాష ఒక్కటే కారణమని నేననను. లాభాపేక్ష ఉంది, పేదరికం ఉంది, సెలవు దొరకని కూలిపని ఉంది, ముట్టంటే మైల అనే బుద్ధి ఉంది. కానీ 'కడుపునొప్పి' అనే ఒక్క మాట కిందికి పది మాటల్ని తొక్కెయ్యకపోతే ఆ లాభాపేక్షకి పని ఇంత సులువయ్యేది కాదు. మెలిపెట్టడం, పోటు, మంట, జారడం అని నాలుగు మాటలు కాగితం మీద ఉంటే నాలుగు ప్రశ్నలు వెయ్యాల్సి వస్తుంది. ఒక్కటే ఉంటే ఒక కత్తి చాలు.

ఇక్కడ కృష్ణా జిల్లా వాళ్ళకి ఒక మాట చెప్పాలి. మన జిల్లా భాషే ప్రామాణికం అనే గర్వం మనకుంది. కృష్ణా, గుంటూరు, గోదావరి చదువుకున్నవాళ్ళ భాష మీదే పత్రికల తెలుగు, పాఠ్యపుస్తకాల తెలుగు నిలబడింది, దాన్ని బెజవాడ ప్రచురణకర్తలు అచ్చేసి పంచారు. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర రచయితలు దీన్ని ఎప్పట్నుంచో ప్రశ్నిస్తున్నారు, న్యాయంగానే. దానికి నేను చేర్చేది ఏమిటంటే, ఈ ప్రామాణిక భాష డెల్టా ఆడకూలీది కూడా కాదు. ప్రకాశం బ్యారేజీ కింద కాలవ గట్టు మీద నడిచి నాటుకి పోయే మనిషి నోట్లోని ఒరిసిపోవడం, పీకడం, నీచు ఏ పాఠ్యపుస్తకంలోనూ ప్రామాణికం కాలేదు. ఒక ప్రాంతం భాష గెలిచిందంటే ఆ ప్రాంతంలో ఎవరు గెలిచారని కూడా అడగాలి.

సాహిత్య విమర్శ చేసిందీ ఇదే. 'నీలిమేఘాలు' 1993లో వచ్చే కాలానికి స్త్రీల కవిత్వాన్ని 'నీలి కవిత్వం' అని ఈసడించిన పెద్దలున్నారు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' ఒంటి లోపలి సంగతిని ఆ ఒళ్ళు ఉన్నవాళ్ళ వైపు నుంచి చెప్పాయి. వాళ్ళకి నచ్చనిది అదే. ఆడదాని ఒంటిని కంటితో చూసి రాస్తే శృంగారం, ఆ ఒళ్ళు తనే తన స్పర్శ చెప్తే బూతు. తర్వాత జూపాక సుభద్ర 'కొంగు' రాసి, పని చేసే దళిత స్త్రీకి కొంగు అనే గుడ్డముక్క ఎన్ని పనులు చేస్తుందో చెప్పినప్పుడు, స్త్రీవాదంలోనూ అందరి ఒళ్ళూ ఒకటి కావని తేలింది. ఒకే గుడ్డ ఒకరికి బిగించే కట్టు, ఇంకొకరికి చెమట తుడిచే చెయ్యి. మాట ఎవరి ఒంటికి ఎలా తగులుతుందన్న ప్రశ్నని మన కవయిత్రులు ఏ ప్రయోగశాల కన్నా ముందే వేశారు.

నా మీద రాబోయే అభ్యంతరాలు తెలుసు. బురదలో పనిని, పొగ పొయ్యిని అందంగా చూపిస్తున్నావంటారు. లేదు. నాటు యంత్రం వస్తే నడుములు బాగుపడతాయి, రానివ్వండి. గ్యాసు పొయ్యి వస్తే ఊపిరితిత్తులు బాగుపడతాయి. పోయే మాటల కోసం ఏడవమని నేను ఎవర్నీ అడగను. ఉన్న మాటల్ని ఉన్న మనుషుల పేరు మీద రాయమంటున్నాను. ఇంకొకరు, శాస్త్రానికి సగటు కావాలి, ప్రతి మనిషినీ విడిగా రాస్తే శాస్త్రం కాదంటారు. సగటు తీయండి. కానీ తీసే ముందు ఆడా మగా, కులం, పని అనే మూడు గళ్ళు చేర్చి, విడివిడిగా తీయండి. డచ్చివాళ్ళ 485 మాటలకి ఆ గళ్ళు అవసరం లేదని వాళ్ళనుకుంటే అది వాళ్ళిష్టం. అంటరానితనానికి స్పర్శ నుంచే పేరు పెట్టుకున్న భాషకి ఆ వెసులుబాటు లేదు.

ఇలాంటి పని మనకి కొత్త కూడా కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 'మాండలిక వృత్తిపదకోశం' మొదటి సంపుటం వ్యవసాయం మీద 1962లో తెచ్చారు, చేనేత మీద రెండోది 1971లో వచ్చింది. పండితుల పుస్తకాల్లోంచి కాక పనివాళ్ళ నోట్లోంచి మాటలు ఏరడం ఎలాగో అది నేర్పింది. ఆ దారిలో ఇంకా నడవాల్సింది చాలా ఉంది. వృత్తి అంటే జీతం ఉన్న పనేనా? వంట, పురుడు, పసిబిడ్డ పెంపకం, జబ్బు మనిషి సేవ, పాకీ పని ఏ సంపుటంలోకి రావాలి? తెలుగులో రుచి చూస్తాం, వాసన చూస్తాం, జ్వరం చూస్తాం, పురుడు చూస్తాం, పిల్లల్ని చూసుకుంటాం. మన భాషలో 'చూడటం' అనే మాటలో కంటికి ఉన్న వాటా ఎంతో గానీ, చేతికీ ముక్కుకీ నాలుకకీ చాలా వాటా ఉంది. ఆ చూడటాలన్నీ ఎవరు చేస్తున్నారో చెప్పక్కర్లేదు.

విశ్వవిద్యాలయాల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళకి నా విన్నపం ఇది. తెలుగుకి ఇంద్రియాల పట్టిక తయారుచేసే పని ఎవరి చేతికో పోయేలోపు మన చేతిలోకి తీసుకుందాం. మాట పక్కన అది చెప్పిన మనిషి పనీ ఊరూ రాద్దాం, ఆమె ఒప్పుకుంటే పేరు కూడా. వైద్య కళాశాలల్లో పాఠం చెప్పే స్నేహితురాళ్ళని పట్టుకుని, తెలుగు నొప్పి మాటల పట్టిక ఒకటి ఔట్‌పేషెంట్ బల్లల మీద ఉండేలా అడుగుదాం. కథల్ని సరిదిద్దే సంపాదకులు నీచు, ఒరుపు, ముక్కిన వాసన కొట్టేసి దుర్గంధం, వేదన అని రాస్తే ఒప్పుకోకుండా ఉందాం. పట్టికలో మొదటి వరసలో 'ముట్టు' రాద్దాం. దాని ఎదురుగా అంకె వెయ్యడానికి మొదట పిలవాల్సింది ప్రొఫెసర్లని కాదు. నాటు మడిలో వంగిన మనిషిని గట్టు మీదికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ రోజు కూలి మనమే కట్టి అడగాలి.